తుమ్మ దిమ్మ, తొమ్మిది దీపాలు

మన డ్రాయింగ్ హాల్లో బల్లలు ఏ చెక్కతో చేశారో మీలో ఎవరికైనా తెలుసా? నేను అడిగి చూశాను. సివిల్ వాళ్లు ‘టింబర్’ అన్నారు. మెకానికల్ వాళ్లు ‘వుడ్’ అన్నారు. సీఎస్ఈ వాళ్లయితే ‘బ్రౌన్ కలర్’ అన్నారు. నిజానికి అది చెట్టు కోసి తీసిన పలకే కాదు. రంపపు పొట్టును జిగురుతో కలిపి నొక్కిన పార్టికల్ బోర్డు, పైన చెక్క బొమ్మ వేసిన కాగితం.

మా నాన్న లెక్కలో ‘చెక్క’ అనే వస్తువే లోకంలో లేదు. టేకు ఉంది, వేప ఉంది, నల్లమద్ది ఉంది, పనస ఉంది, తుమ్మ ఉంది. ‘చెక్కతో చేసింది’ అంటే ఆయనకి ‘ఇంటికి మనిషొచ్చాడు’ అన్నట్టు వినిపిస్తుంది. ఎవరొచ్చారో చెప్పొద్దా మరి!

నాన్న వడ్రంగి. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊరు. ఇంటి పక్కనే రేకుల షెడ్డు, అందులో ఆయన పని. చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టలుగా రాలే పొట్టులో ఆడుకుంటూ పెరిగాను. వాసన చూసి చెట్టు పేరు చెప్పడం మా ఇంట్లో పొడుపుకథల్లాంటి ఆట. టేకుది తోలులా కమ్మటి వాసన. వేపకి చేదు వాసన ఉంటుందంటే నమ్మరు గానీ, కోసేటప్పుడు గొంతులోకి దిగుతుంది.

ఇంజనీరింగ్‌లో చేరాక ఆయన మాటలకి కారణాలు దొరకడం మొదలైంది. “టేకు ఉలిని తినేస్తుందమ్మా” అనేవాడు. మెటీరియల్ సైన్స్ చదివాక తెలిసింది, టేకులో సిలికా ఉంటుంది, అదే పదును అరగదీస్తుంది. “చేవ ఉన్న ముక్క తియ్యి” అనేవాడు. చేవ అంటే మాను నడిమధ్యలో ముదురు రంగులో ఉండే గట్టి భాగం. అక్కడి కణాలు ఎప్పుడో చనిపోయి ఉంటాయి. చెట్టు వాటిలో రకరకాల పదార్థాలు నింపి పెట్టుకుంటుంది, అందుకే పురుగు త్వరగా పట్టదు. ‘వాడిలో చేవ లేదు’ అని మనం మనుషుల్ని తిట్టే మాట వడ్రంగి షెడ్డులోంచి వచ్చిందే అయ్యుంటుంది.

ఏ పనికి ఏ చెట్టు అనేది మన వాళ్లు ఎంత తెగ వెతికి పట్టుకున్నారో చూడండి. కొండపల్లి బొమ్మకి తెల్లపొణికి కావాలి, ఎందుకంటే అది తేలిక, మెత్తన. ముక్కలు అతకడానికి చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్ర వాడతారు. లేత్ మీద తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి రంగు పట్టేస్తుంది. వేరే పొయ్యి అక్కర్లేదు. బొబ్బిలి వీణకి పనస. అతుకు లేకుండా ఒకే దుంగలో తొలిచే ఏకాండి వీణ కూడా దానితోనే. ఇంటి దూలానికి తాడి. ఎడ్లబండికి నల్లతుమ్మ.

చివరికి హోమంలో కాల్చే పుల్లకి కూడా లెక్క ఉంది. నవగ్రహాల సమిధల్లో సూర్యుడికి జిల్లేడు, చంద్రుడికి మోదుగ, గురుడికి రావి, శుక్రుడికి మేడి, శనికి జమ్మి. కాలి బూడిదయ్యేదానికి కూడా ‘ఏదో ఒక పుల్ల’ అనరు.

ఇంత తెలిసిన నాన్నకి రెండేళ్లుగా పని తగ్గిపోయింది. గుమ్మాలు రెడీమేడ్, కిటికీలు యూపీవీసీ, అల్మరాలు ప్లైవుడ్. అడితిలో టేకు సీఎఫ్టీ ధర వినగానే జనం వెనక్కి తిరుగుతున్నారు. వాళ్లని తప్పుపట్టలేం. కిందటేడు వేసవిలో అన్నం తింటూ మామూలుగా అన్నాడు, “సంక్రాంతి వెళ్లాక షెడ్డు అద్దెకిచ్చేద్దాం” అని. అమ్మ ఏం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఇక కథలో రెండో సగం. మా పక్కింటి అత్త ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్. మా గోదావరి వైపు నుంచి, తెలంగాణ నుంచి కూడా ఇలా వృద్ధుల్ని చూసుకోవడానికి వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. అత్త జెరూసలేంలో ఒక పెద్దావిడ దగ్గర ఉంటుంది. ఆవిణ్ణి ‘సవ్తా’ అంటుంది. హీబ్రూలో అమ్మమ్మ, నానమ్మ ఇద్దరికీ అదే మాట. అత్తకీ నాకూ వాట్సాప్ కబుర్లు ఎక్కువ. “శుక్రవారం పొద్దుగూకేటప్పుడు మాత్రం చెయ్యకే, సవ్తా దీపాలు పెట్టే టైము” అని ముందే చెప్పింది. వాళ్ల గడియారం మనకంటే వేసవిలో రెండున్నర గంటలు, చలికాలంలో మూడున్నర గంటలు వెనక. ఆ లెక్క చూసుకుని ఫోన్ చేస్తూ చేస్తూ, ఆ దీపాల సంగతి ఏంటో తెలుసుకోవాలన్న దురద పట్టుకుంది.

యూదులకి శుక్రవారం సూర్యాస్తమయంతో విశ్రాంతి దినం, షబ్బాత్, మొదలవుతుంది. శనివారం చీకటిపడి నక్షత్రాలు కనిపించే దాకా నిప్పు వెలిగించకూడదు, ఆర్పకూడదు. కాబట్టి దీపం ముందే పెట్టాలి. చాలా ఊళ్లలో సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు, జెరూసలేంలో ఆనవాయితీగా 40 నిమిషాల ముందు. ఇంటి ఇల్లాలు కనీసం రెండు దీపాలు పెడుతుంది. కొన్ని ఇళ్లలో పిల్లలు పుట్టిన కొద్దీ ఒక్కొక్కటి పెంచుకుంటూ పోతారు. వెలిగించి, చేతులు మూడుసార్లు తనవైపు తిప్పుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చెప్పి, అప్పుడు కళ్లు తెరుస్తుంది.

కళ్లెందుకు మూసుకోవడం? భక్తితో అనుకున్నాను. దాని వెనక పక్కా లాజిక్ ఉంది. ఏ పనికైనా ప్రార్థన ముందు, పని తర్వాత ఉండాలన్నది వాళ్ల నియమం. కానీ దీపం ప్రార్థన చెప్పగానే ఆమెకి షబ్బాత్ మొదలైపోయినట్టే. మొదలైపోతే నిప్పు ముట్టుకోకూడదు. ప్రార్థన ముందు చెప్తే వెలిగించలేదు, వెలిగించాక చెప్తే నియమం తప్పుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివినవాళ్లు దీన్ని డెడ్‌లాక్ అంటారు. విడగొట్టిన పద్ధతి చూడండి. ముందు వెలిగించు, కళ్లు మూసుకో, ప్రార్థన చెప్పు, కళ్లు తెరువు. వెలుగు చూసి ఆనందించడం అనే ‘పని’ ప్రార్థన తర్వాతే జరిగింది! అయితే అందరిదీ ఇదే పద్ధతి కాదు. స్పెయిన్ వైపు మూలాలున్న సెఫార్దీ కుటుంబాలు చాలావాటిలో ప్రార్థన ముందే చెప్పి తర్వాత వెలిగిస్తారు.

ఇంకొంచెం తవ్వితే మిష్నా దగ్గరికి వెళ్లాను. సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు ధర్మనియమాల సంపుటి అది. అందులో షబ్బాత్ భాగం రెండో అధ్యాయంలో ఎక్కువగా దీపాలకి దేన్ని వాడొచ్చు, దేన్ని వాడకూడదు అనే చర్చే. చదువుతుంటే లాబ్ మాన్యువల్ లాగే ఉంది. దేవదారు బెరడు నారతో వత్తి చెయ్యకూడదు. దువ్వని అవిసె నార పనికిరాదు. నీటి మీద తేలే పాచి పనికిరాదు. అసలు చెట్టు నుంచి వచ్చేదేదీ వత్తికి పనికిరాదు, అవిసె నార ఒక్కటి తప్ప. నిషేధించిన నూనెల్లో ఒకదాన్ని ఆముదం అని కొందరు వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు.

ఎందుకింత పట్టింపు? మంచి వత్తి కాకపోతే మంట చిటపటలాడుతుంది, నూనె సరిగా పీల్చదు. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? అలవాటుగా చెయ్యి చాచి ప్రమిద వంచుతాడు, వత్తి ఎగదోస్తాడు. ఆ రోజు ఆ పని చెయ్యకూడదు. కాబట్టి చెయ్యి పెట్టాల్సిన అవసరమే రాని దీపం ముందే తయారు చేసుకోవాలి. మనిషి బలహీనతని లెక్కలోకి తీసుకుని ముందే డిజైన్ చెయ్యడం. దీనికి మన సిలబస్‌లో ఫూల్ ప్రూఫింగ్ అని పేరుంది.

ఒక పండితుడు ఆలివ్ నూనె తప్ప ఇంకేదీ వాడొద్దన్నాడట. వెంటనే ఇంకొకాయన లేచి, నువ్వుల నూనె తప్ప దొరకని బాబిలోనియా వాళ్లు ఏం చెయ్యాలి, ముల్లంగి గింజల నూనె తప్ప లేని అలెగ్జాండ్రియా వాళ్లు ఏం చెయ్యాలి అని నిలదీశాడట. నాకిది భలే నచ్చింది. నియమం ఎంత గొప్పదైనా, పక్క ఊరి వాళ్ల వంటింట్లో ఏముందో అడిగినవాడు ఒకడున్నాడు.

మన దేశంలోనే చూడండి. కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెల్ యూదుల వృత్తి ఒకప్పుడు నూనె గానుగ. శనివారం గానుగ ఆపేసేవాళ్లు కాబట్టి ఊరివాళ్లు వాళ్లని ‘శనివార్ తేలీ’ అన్నారు, అంటే శనివారం నూనెవాళ్లు. మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కూడా తమని బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే తెలుగు యూదు కుటుంబాలున్నాయి, వాళ్లకో సినగాగ్ ఉంది.

నాన్నకి ఇవన్నీ చెప్తుంటే ఒక్కచోట మాత్రం చేతిలో ఉలి ఆగింది. జెరూసలేం ఆలయంలో బలిపీఠం మీద కాల్చడానికి ఏ కట్టెలైనా పనికొస్తాయట, ఆలివ్, ద్రాక్ష తప్ప. కారణం ఏంటని తర్వాతి తరం పండితులు వాదించుకున్నారు. వాటిలో ముడులు ఎక్కువ, సరిగా కాలక పొగొస్తుందని ఒకరు. అవి నూనె, ద్రాక్షరసం ఇచ్చి దేశాన్ని నిలబెట్టే చెట్లు, వాటిని నరక్కూడదని ఇంకొకరు. “ఇద్దరూ కరెక్టే” అన్నాడు నాన్న. “ముడి ఉన్న కట్టె పొగే పెడుతుంది. కాయ కాసేదాన్ని పొయ్యిలో పెట్టేవాడు బాగుపడడు.”

కిందటేడు ఆగస్టులో అత్త సెలవుకి ఊరొచ్చింది. సామాన్లు సర్దుకోకముందే మా షెడ్డుకి వచ్చి కూర్చుంది. “అన్నయ్యా, సవ్తాకి ఒక దీపాల స్టాండ్ కావాలి” అంది.

సంగతేంటంటే, సవ్తాకి ఎనభై దాటాయి, చేతులు వణుకుతాయి. కిందటి చలికాలం హనుక్కా పండగలో ఇత్తడి స్టాండు చెయ్యి తగిలి పడిపోయి బల్లమీది గుడ్డ అంటుకుంది. అత్త పక్కనే ఉంది కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి ఆవిడ కూతురు ఒకటే మాట, ఇక కరెంటు దీపాలు పెట్టుకోమని. ఆస్పత్రుల్లో నిప్పు వెలిగించడం కుదరని చోట కరెంటు దీపాలతో సరిపెట్టుకోవడం వాళ్లలో ఉన్నదే. అక్కడ కూడా చర్చ ఉంది. పాత ఫిలమెంట్ బల్బులో లోహపు తీగ ఎర్రగా కాలుతుంది కాబట్టి దాన్ని నిప్పు కింద లెక్కగట్టొచ్చని చాలామంది పండితులు అన్నారు. ఎల్ఈడీలో కాలేదేమీ లేదు కాబట్టి దానికి ఆ వాదన కుదరదు. సవ్తా ఇవేవీ వినలేదు. “ఈ చేతులతో ఇంకా ఎన్నిసార్లు వెలిగిస్తానో, వెలిగించనివ్వండి” అని పిల్లల ముందు ఏడ్చిందట. “వణికే చేతికి తగ్గ స్టాండ్ కావాలన్నయ్యా” అంది అత్త.

నేను నియమాలన్నీ వెతికి కాగితం మీద రాసిచ్చాను. హనుక్కా ఎనిమిది రాత్రుల పండగ. క్రీ.పూ. 164లో మక్కబీయులు జెరూసలేం ఆలయాన్ని తిరిగి దక్కించుకుని శుద్ధి చేసినదానికి గుర్తు. ఒక్కరోజుకి సరిపోయే నూనె ఎనిమిది రోజులు వెలిగిందని కథ. మన అధికమాసం లాగే వాళ్ల పంచాంగంలోనూ అదనపు నెల వస్తుంది, నెలలు చంద్రుణ్ణి బట్టే. కిస్లేవ్ నెల 25న మొదలవుతుంది కాబట్టి మధ్యలో అమావాస్య పడి తీరుతుంది. అంటే ఏడాదిలో పొడవాటి రాత్రుల్లో, వెన్నెల లేని రోజుల్లో వెలిగించే దీపాలు. మొదటి రాత్రి ఒకటి, రెండో రాత్రి రెండు, అలా ఎనిమిది. కుడి నుంచి ఎడమకి పేర్చి, ఎడమ నుంచి కుడికి, ఆ రోజు చేర్చిన కొత్తదాంతో మొదలుపెట్టి వెలిగిస్తారు. ఎనిమిదీ ఒకే వరసలో, ఒకే ఎత్తులో ఉండాలి. మంటలు కలిసిపోయి కాగడాలా కనిపించకూడదు. ఈ వెలుగుతో చదవకూడదు, పని చేసుకోకూడదు, చూడాలంతే. అందుకే పక్కన తొమ్మిదో దీపం, షమాష్, అంటే సేవకుడు. మిగతావాటిని వెలిగించేది అదే. అది కాస్త ఎత్తులోనో పక్కకో విడిగా ఉండాలి.

నాన్న ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఆ తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: “అక్కడ గాలి పొడిగా ఉంటుందా, చెమ్మగా ఉంటుందా?” అత్త ముఖం చూడాలి. మా చెమ్మ గాలిలో ఉన్న కర్ర పొడి ఊరికి వెళ్తే కుంచించుకుపోతుంది, పగులుతుంది. జెరూసలేం కొండలమీద ఊరు, చలికాలం గదిలో హీటరు వేస్తారు. కాబట్టి బాగా ఆరిన ముక్కే కావాలి.

ఇక ఏ చెట్టు? పొణికి మరీ తేలిక, చెయ్యి తగిలితే పడిపోతుంది, పైగా చురుగ్గా అంటుకుంటుంది. ఎర్రచందనం నీళ్లలో మునిగేంత బరువు, కానీ దాంతో ఎయిర్‌పోర్టుకి వెళ్తే అత్త ఇజ్రాయెల్ బదులు జైలుకి చేరుతుంది. టేకులో నూనె ఉంటుంది, మంట పక్కన వద్దన్నాడు. షెడ్డు మూల మా తాతయ్య ఎడ్లబండి విప్పినప్పుడు మిగిలిన నల్లతుమ్మ దిమ్మ ఉంది. ముప్పై ఏళ్లుగా ఆరుతోంది. దాన్ని లాగి ముందు పెట్టాడు. “ఇదే” అన్నాడు.

అత్త కాసేపు దాన్నే చూసింది. రోజూ బైబిల్ చదివే మనిషి. “అన్నయ్యా, మందసం చేసింది తుమ్మకర్రతోనే కదా” అంది. నిజమే. తెలుగు బైబిల్లో నిర్గమకాండంలో ఆ మాటే ఉంటుంది. రెండున్నర మూరల పొడవు, మూరన్నర వెడల్పు, మూరన్నర ఎత్తు. సీనాయి ఎడారిలో మానులాంటిది ఏదైనా నిలబడుతుందంటే అది తుమ్మజాతే. ఆ ఎడారి తుమ్మా మన నల్లతుమ్మా ఒకే చెట్టు కాదు గానీ, ఒకే ప్రజాతి, దగ్గరి చుట్టాలు. మా ఊళ్లో ముళ్లకంప అని తిట్టుకునే చెట్టు.

కొలతలు నేను వేశాను. రెండంగుళాల ఎడంతో ఎనిమిది గుంటలు, మొత్తం పొడవు 18 అంగుళాలు, వెడల్పు 5, మందం 2. అంటే 180 ఘనపుటంగుళాలు, నల్లతుమ్మ సాంద్రతని బట్టి రెండున్నర కిలోలకి దగ్గర. బరువు కిందే ఉంది, అడుగు వెడల్పుగా ఉంది, కాబట్టి చెయ్యి తగిలినా పడదు. ప్రతి గుంటలో ఇత్తడి గిన్నె, గిన్నెకీ కర్రకీ మధ్య ఇస్త్రీపెట్టెలో వాడే అభ్రకం రేకు. అది నాన్న ఆలోచన. షమాష్‌కి కుడివైపు రెండంగుళాల ఎత్తు దిమ్మ. మేకు లేదు, జిగురు లేదు, కూసం కొట్టి బిగించాడు. అంచులన్నీ గుండ్రంగా రుద్దాడు. “వణికే చెయ్యి ఆనించుకోడానికి అంచు కావాలి, గుచ్చుకోకూడదు” అన్నాడు. నా కాగితంలో ఆ పాయింట్ లేదు.

నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ షెడ్డు అద్దె మాట రాలేదు.

సంక్రాంతి తర్వాత మాత్రం వచ్చింది. ముందు భాగం ఇప్పుడు యూపీవీసీ కిటికీల ఏజెంటుకి ఇచ్చాం. అద్దె నా హాస్టల్ ఫీజుకి సరిపోతోంది. వెనక మూల నాన్న బల్ల, బాడిస, రంపాలు ఉన్నాయి. ఇంటికెళ్లిన ప్రతి వారాంతం ఒక చెట్టు గురించి అడిగి, ఆయన మాటల్లోనే రాసుకుంటున్నాను. ఏ నెలలో కొట్టాలి, ఎన్నాళ్లు ఆరాలి, దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు. ఇప్పటికి పదిహేడయ్యాయి. హనుక్కా దీపాలు మొదటి రోజు ఎనిమిది పెట్టి తగ్గించుకుంటూ పోవాలని షమ్మాయి వర్గం, ఒకటితో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలని హిల్లేల్ వర్గం రెండువేల ఏళ్ల నాడు వాదించుకున్నారట. నిలిచింది హిల్లేల్ మాట. నా నోట్సుకీ అదే పద్ధతి.

2025లో హనుక్కా డిసెంబరు 14 సాయంత్రం మొదలైంది. అత్త ప్రతి రాత్రీ ఫొటో పంపింది. ఆరో రాత్రి రాలేదు, ఆ రోజు శుక్రవారం. ఎనిమిదో రాత్రి ఫొటోలో తొమ్మిది మంటలూ నిటారుగా ఉన్నాయి. స్టాండు అంచు మీద ముడతలు పడ్డ ఒక చెయ్యి ఆని ఉంది. ఫోన్ నాన్నకి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, వేళ్లతో పెద్దది చేసి, చాలాసేపు చూశాడు.

“దీపాలు బాగానే ఉన్నాయి గానీ, కుడివైపు మూల ఒక ఫొటో తీసి పంపమను. పగులొచ్చిందేమో చూడాలి” అన్నాడు.